గుర్రానికి జోడు కావాలంటే

మన కోలారు జిల్లాలో ఎద్దుల జోడు విడిపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పాల్సిన పనిలేదు. మిగిలిన ఎద్దు మేత సరిగా ముట్టదు. కొట్టంలో ఖాళీ అయిన గుంజ వైపే చూస్తా నిలబడుతుంది. రైతు కూడా దానికి కొత్త జోడు దొరికేదాకా నెమ్మదిగా ఉండడు. మాట వినని మనిషిని "ఒంటెద్దు పోకడ" అని తిట్టేది మనమే. అట్లాంటి మనమే ఇప్పుడు తోటలో ఒంటి గుర్రాన్ని కట్టేసి, "దానికేమప్పా, రాజా మాదిరి ఉంది" అంటున్నాం. ఈ మాట నాకు సమ్మతం లేదు. గుర్రాన్ని ఒంటిగా పెట్టకూడదు. పెట్టే స్తోమత ఒక్కదానికే ఉంటే, ఆ ఒక్కటి కూడా వద్దు.

ఇది రాయడానికి కారణం మన ఇంట్లోనే ఉంది. పోయిన సంవత్సరం మా మేనల్లుడు బేతమంగళం పక్కన ఉన్న తోటకు ఒక గుర్రాన్ని తెచ్చినాడు. బెంగళూరు పందేల నించి రిటైరైనది, విత్తు కొట్టించిన మగగుర్రం, తొమ్మిదేళ్ళది. చూడ్డానికి శానా బాగుంది. ఇంట్లో వాళ్ళంతా తెల్లారక ముందే లేచి బెంగళూరు రైలెక్కేవాళ్ళు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూసేసినప్పటి నించి మన కె.జి.ఎఫ్. బతుకు ఇంతే కదా, పొద్దున రైలు, రాత్రి రైలు. తోటలో ఉండేది ఒక ముసలి కాపలాదారు, ఆ గుర్రం. మూడు నెలల్లో అది గాడి అంచును పళ్ళతో పట్టుకుని గాలి మింగేది మొదలుపెట్టింది. లాయం తలుపు దగ్గర నిలబడి గంటల కొద్దీ అటూ ఇటూ తల ఊపుతా ఉంటుంది. "దయ్యం పట్టింది, నిమ్మకాయ కట్టండి" అని పక్క తోట ఆమె చెప్పిందట. ఫోనులో ఇంటిల్లిపాదీ తలా ఒక సలహా ఇచ్చినారు. కొందరు మేకను పెట్టమన్నారు, కొందరు గాడిదను, కొందరు "అమ్మెయ్యి" అన్నారు. వాడు మాత్రం "సాధువైన తట్టు గుర్రం ఒకటి చూడండి మామా" అన్నాడు. వాడి మాటే సరి. కానీ ఆ "సాధువు" అన్న మాటలోనే అసలు చిక్కుంది.

ముందు ఒంటరితనం సంగతి చూద్దాం. గుర్రం మంద జంతువు. మైదానంలో మేసే జాతికి మంద అంటే కళ్ళు, చెవులు, కాపలా. గుర్రం నిలబడి కునుకు తీస్తుంది, అది అందరికీ తెలుసు. గాఢమైన నిద్రకు మాత్రం పడుకోవాల్సిందే. పక్కన ఇంకొకటి నిలబడి కాపలా ఉందన్న ధైర్యం ఉంటేనే అది నిశ్చింతగా పడుకుంటుంది. రెండు గుర్రాలు ఎదురెదురుగా నిలబడి ఒకదాని మెడ మొదట్లో, జూలు ముగిసే చోట ఇంకొకటి పళ్ళతో గోకడం చూసుంటారు. ఆ చోట గోకితే గుర్రం గుండె వేగం తగ్గుతుందని 1993లో అచ్చయిన ఒక పరిశోధనలో కొలిచి చూపించినారు. ఫ్రాన్స్ దేశపు కామార్గ్ గుర్రాల మీద చేసిన పని అది. మనం ఎంత బాగా మాలిష్ చేసినా దినానికి ఒక గంట చేస్తాం. మిగిలిన ఇరవై మూడు గంటలు ఎవరు గోకేది?

స్విట్జర్లాండ్‌లో 2008 సెప్టెంబర్ 1 నించి దీనికి చట్టమే ఉంది. ప్రతి గుర్రానికీ తన జాతిది ఇంకొకటి కనబడాలి, వినబడాలి, వాసన తగలాలి. మన దేశంలో 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడాన్ని నేరమంటుంది. ఒంటరిగా ఉంచడం గురించి మాట్లాడదు. చట్టం అడగలేదు కదా అని మనం ఊరుకోవచ్చు, గుర్రం ఊరుకోదు. గాడిని కొరికేది దాని ఫిర్యాదే.

గుర్రాలంటే మన తావుకు కొత్త కాదని పిల్లలకు చెప్పండి. హైదర్ అలీ పుట్టింది మన బూదికోటలో. ఇంగ్లీషు వాళ్ళను ఏండ్ల తరబడి పరిగెత్తించిన గుర్రపు దండు అతనిది. మన తెలుగులోనూ గుర్రాల లక్షణాలు, వాటి జబ్బులు చెప్పే పద్యకావ్యం మనుమంచిభట్టు ఎప్పుడో రాసి పెట్టినాడు. భారతం విన్న వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి అని పేరు మార్చుకుని చేసిన పని గుర్రాలను సాకడమే. రాజకుమారుడు చేయదగిన పనిగానే అప్పుడు దాన్ని చూసినారు. మనకు దగ్గరి కాలంలో ఉన్నవి జట్కాలు. బౌరింగ్ దొర పేరు పెట్టుకున్న బౌరింగ్‌పేట, అదే బంగారపేట, స్టేషను బయట జట్కా ఎక్కి సామాన్లు కాళ్ళ మధ్య పెట్టుకుని పోయిన వాళ్ళు మన ఇంట్లో ఇంకా ఉన్నారు. ఆ జట్కా గుర్రాలు పెద్దవి కావు, తట్టు గుర్రాలే. మన పెద్దవాళ్ళు "తట్టువ" అనేది వాటినే. ఇంజను కూత వేసినా, పక్క నించి లారీ పోయినా చెవి కూడా కదిలించకుండా ఉలవ గుగ్గిళ్ళు నములుతా నిలబడేవని మా జేజి చెప్పేది. (అదే ఉలవలతో మనం చారు కాచుకుంటాం, గుర్రం తిండి తింటున్నామని బెంగళూరు కోడళ్ళు నవ్వుతారు. నవ్వనీండి.)

మా మేనల్లుడికి కావాల్సింది సరిగ్గా అట్లాంటి తట్టే. పందెపు గుర్రం ప్రాణం ఎప్పుడూ చెవుల్లోనే ఉంటుంది, ఆకు కదిలినా ఎగురుతుంది. పక్కనున్నది బెదరకపోతే ఇదీ బెదరదు. అమెరికాలో దీనికి పేరుపొందిన కథ ఒకటుంది. సీబిస్కెట్ అనే పందెపు గుర్రాన్ని 1936లో కొన్నప్పుడు అది లాయంలో తిరుగుతా, మేత తినకుండా, చిక్కి శల్యమై ఉంది. దాన్ని తయారుచేసిన టామ్ స్మిత్ ముందు ఒక మేకను తోడు పెట్టినాడు. సీబిస్కెట్ ఆ మేకను పళ్ళతో పట్టుకుని తలుపు మీద నించి బయటికి విసిరేసింది. తర్వాత స్మిత్ పంప్‌కిన్ అనే పసుపు రంగు గుర్రాన్ని తెచ్చినాడు. పశువుల మందలు తోలిన గుర్రం అది, ఎద్దు కొమ్ముల దెబ్బ కూడా తినింది. దాన్ని బెదిరించే వస్తువు ఇంక లోకంలో మిగల్లేదు. రెండు లాయాల మధ్య గోడ తీసేసి ఇద్దరినీ ఒక్కచోట ఉంచినాడు. 1938లో వార్ అడ్మిరల్ మీద ఆ సీబిస్కెట్ గెలిచిన పందెం గురించి ఇంకా పుస్తకాలు రాస్తున్నారు. పంప్‌కిన్ మాత్రం ఒక్క పందెం కూడా పరిగెత్తలేదు.

మేకను పెట్టమన్న పిన్నికి ఇదే నా జవాబు. మేక ఏమీ లేనిదానికన్నా మేలే. కొన్ని గుర్రాలు మేకతో సర్దుకుంటాయి కూడా. కానీ మేక గుర్రం భాష మాట్లాడదు. ఆవు కూడా అంతే. మన ఇళ్ళల్లో ఆవులు ఎట్లాగూ ఉంటాయి, పాలు పోసే జిల్లా కదా మనది, పక్కన కడితే చాలంటారు. కొంచెం ఊరట ఉంటుంది, కాదనను. అయితే ఆవు దాణాను గుర్రానికి అందనివ్వకండి. కొన్ని పశువుల దాణాల్లో కలిపే మోనెన్సిన్ అనే మందు ఆవుకు మేలు చేస్తుంది, గుర్రానికి అదే విషం, కొంచెం పోయినా గుండె మీద పడి చంపేస్తుంది. సంచీ మీద ఏం రాసుందో చదివే అలవాటు మనలో తక్కువ, అందుకని గట్టిగా చెబుతున్నా.

గాడిద సంగతి వేరే. గాడిద తెలివైనది, నిదానమైనది, మనం అనుకున్నట్టు మొద్దుది కాదు. గుర్రం బెదిరితే పరిగెత్తుతుంది, గాడిద బెదిరితే నిలబడి ఆలోచిస్తుంది. మనం దాన్ని మొండితనం అన్నాం. పైగా ఈ రోజుల్లో గాడిదకు ఒక ఇల్లు దొరకడమంటే చిన్న సంగతి కాదు. 2012లో దేశంలో సుమారు 3.2 లక్షల గాడిదలుండేవి. 2019 పశుగణన నాటికి 1.2 లక్షలు. ఆంధ్రలో, ముఖ్యంగా ప్రకాశం, గుంటూరు, కృష్ణా, పశ్చిమగోదావరి వైపు, బలమొస్తుందని గాడిద మాంసం తినేది పెరిగింది. ఆహార భద్రత నిబంధనల్లో దానికి చోటే లేదు. మన మూలాలున్న తావు గురించి ఇట్లా రాయాల్సి రావడం నాకు సిగ్గుగానే ఉంది. కాబట్టి గాడిదను తెస్తానంటే నేను అడ్డు చెప్పను, ఒక షరతు మీద. రెండు తేవాలి. గాడిదకు గాడిదే ప్రాణం, అవి జంటగా ముడిపడతాయి. ఒక్కదాన్ని తెచ్చి గుర్రం పక్కన నిలబెడితే ఒంటరి జంతువుల లెక్క ఒకటి నించి రెండు అవుతుంది, అంతే. ఇంకొక సంగతి, గాడిద ఊపిరితిత్తుల్లో ఒక రకం పురుగు దానికి ఏమీ చెయ్యకుండా ఉండి, అదే గుర్రానికి అంటుకుని దగ్గు తెప్పిస్తుంది. తెచ్చిన రోజే పేడ పరీక్ష చేయించి పురుగుల మందు వేయించాలి.

ఇప్పుడు తట్టు దగ్గరికి వస్తాం. గుర్రాలు, తట్టులు కలిపి 2012లో దేశంలో 6 లక్షలకు పైనుండేవి, 2019లో 3.4 లక్షలే. ఆటోలు వచ్చి జట్కాలు పోయినాయి. మిగిలినవి జాస్తిగా పెళ్ళి ఊరేగింపులకు, పార్కుల్లో పిల్లల సవారీకి తిరిగేవి. తోడు గుర్రం దొరికేది అక్కడే. బ్యాండు మోత, టపాకాయలు, పెట్రోమాక్స్ లైట్లు చూసిన గుర్రం తోటలో బెదిరేదేముంది అని అనిపిస్తుంది. సగం నిజమే.

మిగిలిన సగం ఇది. ఆకలిగొన్న గుర్రం కూడా సాధువుగానే ఉంటుంది. పనితో విరిగిపోయినది, కాలు నొప్పి ఉన్నది, రక్తం లేనిది, అమ్మేముందు మత్తు మందు తిన్నది, అన్నీ తల వంచుకుని నిలబడతాయి. మనం "ఎంత నెమ్మది!" అని ముచ్చటపడి డబ్బులిచ్చి తెస్తాం. రెండు నెలలు మంచి గడ్డి, ఉలవలు పడినాక దానికి బలమొస్తుంది, అప్పుడు దాని అసలు బుద్ధి బయటపడుతుంది. కరుస్తుంది, వెనక కాళ్ళతో తంతుంది, పెద్ద గుర్రాన్ని గాడి దగ్గరికి రానివ్వదు. "మోసం చేసినాడు" అని అమ్మినవాణ్ణి తిడతాం. అమ్మినవాడు మోసం చేసినా చెయ్యకపోయినా, నీరసాన్ని స్వభావం అనుకుంది మనమే కదా.

అందుకని బక్కచిక్కిన దాన్ని చూసి నెమ్మది అని తీర్మానించకండి. జాలితో తెచ్చుకుంటే తెచ్చుకోండి, అది పుణ్యం. కానీ దాన్ని జోడు లెక్కలో వెయ్యకండి, రెండు నెలలు మేపి చూసినాకనే ఆ మాట. జోడు కోసమే వెదికేట్టయితే, ఒంటి మీద కండ ఉండి, కళ్ళు తేటగా ఉండి, చెవులు కదులుతా ఉండి, అయినా నెమ్మదిగా ఉన్నదాన్ని చూడాలి. ఒకసారి పోయి చూస్తే చాలదు. రెండు మూడు సార్లు, చెప్పకుండా, వేరే వేరే పొద్దుల్లో పోవాలి. మేత వేసేటప్పుడు పక్కన ఇంకో గుర్రం ఉంటే ఏం చేస్తుందో చూడాలి. చెవులు వెనక్కి అణిచి మెడ చాచిందంటే అది మీ గుర్రాన్ని తిననివ్వదు. తన తోటి గుర్రాల కంటికి కనబడకుండా దూరంగా నడిపించుకుని పోవాలి. ఒకసారి సకిలించి ఊరుకుంటే మంచిది. చెమటలు పట్టి పగ్గం లాక్కుని ఎగిరిందంటే, రేపు మీరు పెద్ద గుర్రాన్ని సవారీకి తీసుకుపోయినప్పుడు తోటలో ఇది గోడలు పగలగొడుతుంది. తోడు గుర్రానికి ముఖ్యమైన గుణం ఏదంటే నేను ఇదే అంటాను: కొంచెంసేపు తోడు లేకుండా కూడా ఉండగలగాలి. నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటిగా ఎత్తనిస్తుందా, లాడాలు కొట్టేవాడి మాదిరి గిట్ట మీద తడితే ఊరుకుంటుందా, అదీ చూడాలి.

వయసు పళ్ళలో తెలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ ముందు పళ్ళు పొడవై, ముందుకు వాలుతాయి. పన్నెండు, పదిహేనేళ్ళ ఆడగుర్రం అంటే కొనేవాళ్ళు మొహం తిప్పుకుంటారు. నేనైతే దాన్నే కొనమంటాను. తట్టు మంచిగా చూసుకుంటే పాతికేళ్ళ పైన బతుకుతుంది. ఆ వయసుకు దానికి నిరూపించుకోవాల్సింది ఏమీ ఉండదు. విత్తు కొట్టించని మగ గుర్రం మాత్రం వద్దు, ఎంత సాధువని చెప్పినా వద్దు. పిల్లలకు ముద్దుగా ఉంటుందని ఏడాది పిల్లను తెచ్చేదీ వద్దు. ఒక పసిదాన్ని తెచ్చి పిరికిదానికి ధైర్యం చెప్పమంటే ఎట్లా?

డబ్బులు చేతులు మారకముందే పశువుల డాక్టరు చూడాలి. ముఖ్యంగా గ్లాండర్స్ పరీక్ష. గుర్రాలకు, గాడిదలకు వచ్చే జబ్బు ఇది, మనుషులకూ అంటుకుంటుంది. తేలిందంటే ప్రభుత్వానికి చెప్పి తీరాలి, ఆ జంతువును బతకనివ్వరు. రక్తం తీసి పంపితే పరీక్ష చేస్తారు, హర్యానాలో హిసార్‌లో గుర్రాల జాతీయ పరిశోధనా కేంద్రం ఈ పనికి పెద్ద దిక్కు. పరీక్ష కాగితం లేకుండా తట్టును లారీ ఎక్కించకండి. జోరీగలు కుట్టి వ్యాపించే సర్రా జబ్బుకూ అప్పుడే చూపించేది మేలు. ధనుర్వాతం సూది తప్పకుండా వేయించాలి, గుర్రానికి అది రావడం శానా సులువు. తెచ్చినాక కూడా రెండు మూడు వారాలు వేరే కొట్టంలో, వేరే బక్కెట్టుతో ఉంచాలి. దూరం నించి ఒకదానికొకటి కనబడితే చాలు, ఆ మాత్రానికే మీ గుర్రం చెవులు నిక్కబొడుచుకుంటుంది చూడండి.

కలిపేది కూడా పెళ్ళిచూపుల మాదిరే, తొందర పనికిరాదు. ముందు కంచెకు అటొకటి ఇటొకటి. ముక్కులు తగిలించుకుని కీచుమంటాయి, ముందు కాలు ఎత్తి కొడతాయి, అది వాటి పలకరింపు, భయపడకండి. నాలుగైదు దినాలకు ఆ గోల తగ్గినాక, వెనక కాళ్ళ లాడాలు తీయించి, మూలలు లేని వెడల్పు తావులో వదలాలి. రెండు చోట్ల మేత వెయ్యాలి, ఇంకా మంచిది మూడు చోట్ల. ముళ్ళ కంచె ఉంటే ఆ పని చెయ్యకండి. మన వైపు తోటలన్నిటికీ ముళ్ళ కంచెలే, ముందు దాని సంగతి చూసుకోవాలి.

తిండిలో మాత్రం పెద్ద గుర్రానికి, తట్టుకు సమానం అన్న మాట లేదు. తట్టు గాలి పీల్చి బతికే జాతి. పందెపు గుర్రానికి వేసే దాణా దానికి వేస్తే ఒళ్ళు కొవ్వి, గిట్టల్లో లామినైటిస్ వచ్చి అడుగు వెయ్యలేకపోతుంది. మన రాగి గడ్డి, ఎండు గడ్డి దానికి ప్రధానం, ఉలవలు గుప్పెడు. ప్రేమ జాస్తి అయ్యి చంపేది మన వాళ్ళకు అలవాటు, మనవళ్ళకు షుగరు తెప్పించేది ఇట్లానే.

ఖర్చు గురించి చిన్నాయన అడిగిన ప్రశ్న న్యాయమైనదే. "ఒక గుర్రానికే నీళ్ళు లేవు, రెండోది ఎందుకురా?" పెద్ద గుర్రం ఒక్కటే దినానికి ముప్పై, నలభై లీటర్లు తాగుతుంది, ఎండాకాలం ఇంకా జాస్తి. వెయ్యి అడుగులు దించినా బోరు పలకని జిల్లా మనది. ఒకప్పుడు కె.జి.ఎఫ్. మొత్తానికి నీళ్ళిచ్చిన బేతమంగళం చెరువు పక్కనే ఉండి కూడా మేనల్లుడు టాంకరు తెప్పిస్తాడు. ఇదంతా నిజం. దీనికి జవాబు "తట్టు వద్దు" అన్నది మాత్రం కాదు. గుర్రాన్ని ఇంకో రెండు గుర్రాలున్న తోటకు ఇచ్చెయ్యడమే జవాబు. నీళ్ళు లేవు, మనుషులు లేరు, రెండోదానికి డబ్బు లేదు అనేవాళ్ళు ఆ పని చేస్తే నేను మెచ్చుకుంటాను. అమ్మకం అనకండి, సంబంధం చూసి ఇచ్చినట్టు ఇవ్వండి, పోయిన చోటికి అప్పుడప్పుడు పోయి చూసి రండి.

ఇంకొక మాట మేనల్లుడికి ముందే చెప్పినాను, ఇక్కడా రాస్తున్నా. తట్టును తెచ్చేది గుర్రం కోసం, సరే. రేపు గుర్రం చచ్చిపోతేనో, బెంగళూరు వాడెవడో మంచి రేటు పెట్టి అడిగితేనో, ఆ తట్టు గతి ఏమి? "పని అయిపోయింది" అని సంతకు తోలితే, పదిహేనేళ్ళు జట్కా లాగినదానికి, పెళ్ళికొడుకులను మోసినదానికి, ఇంకో యజమాని దగ్గర ముసలితనంలో మళ్ళీ పని. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు" అని మన సామెత. దాన్ని జనం ఎగతాళికి వాడతారు. నేను అక్షరాలా అట్లానే తీసుకుంటాను. వాడు ఒప్పుకున్నాడు, తట్టు పేరు మీద పోస్టాఫీసులో ఆర్.డి. కడతానన్నాడు. అది నవ్వులాటకు అన్నాడో నిజంగా అన్నాడో, మొదటి కంతు కట్టిన చీటీ చూసినాక చెబుతాను.

ఈ వారం ముల్బాగలు వైపు ఒక ఆడ తట్టు ఉందని కబురొచ్చింది. పెళ్ళిళ్ళకు తిరిగినది, పద్నాలుగేళ్ళు ఉండొచ్చంటున్నారు. మేనల్లుడు రెండుసార్లు పోయి వచ్చినాడు, మూడోసారి చెప్పకుండా పొమ్మన్నాను. రక్తపరీక్ష కాగితం ఇంకా రాలేదు. ముళ్ళ కంచె మాత్రం తీసేస్తున్నారు.